కవచము పోయిన సూక్ష్మజీవి

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



పిల్లల ఆరోగ్యమునకు సంబంధించిన శాస్త్రవిషయ మేదైన ఒకటి, అందరికిని బోధపడునట్లు తెలుగులో చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన యిండ్లలో బిడ్డకు గొంతు వాచినను, చెవిలో చీము పట్టినను, కాలిపుండు ముదిరినను వైద్యులు తరచుగా వ్రాసి యిచ్చునవి పెనిసిలిన్ కుటుంబమునకు చేరిన మందులు. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, వాని దగ్గరి చుట్టమైన సెఫలెక్సిన్ మున్నగు పేర్లు మీరు మందుచీటీలమీద చూచియే యుందురు. పేర్లు వేరైనను ఇవి చేయు పని ఒక్కటే. సూక్ష్మజీవి తన చుట్టును కట్టుకొను గోడను ఇవి సరిగా కట్టనీయవు. గోడ చెడినప్పుడు ఆ జీవి రూపు మారును. రూపు మారి, తుదకు పగులును. ఆ మార్పు ఎట్టిదో, ఏల జరుగునో నేడు మనవి చేసెదను. ఈ ఒక్క సంగతి మనసునకు పట్టినచో, మందు వేళ తప్పరాదనియు, జలుబునకు అది పనిచేయదనియు, మిగిలిన మాత్రలు దాచి మరల వాడరాదనియు వేరువేరుగా కంఠస్థము చేయ నక్కరలేదు. అవి యన్నియు దీనినుండియే వచ్చును.

సూక్ష్మజీవులలో బాక్టీరియా అనబడు తెగకు స్థిరమైన ఆకారములు కలవు. కొన్ని కడ్డీలవలె నిడుపుగా నుండును. కొన్ని ఆవగింజలవలె గుండ్రముగా నుండును. మరికొన్ని మెలిదిరిగి యుండును. మన యింటి పెరుగులోనే కడ్డీల వంటివియు, గుండ్రముగా నుండి పూసల పేరువలె గొలుసు కట్టునవియు కలవు. ఇవి మనకు మేలు చేయునవి. మన ప్రేవులలో నివసించు ఎషెరిషియా కోలై అను బాక్టీరియా కడ్డీ జాతిది. దాని పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. అనగా 500 కడ్డీలను కొనకు కొన చేర్చి పేర్చినచో ఒక మిల్లీమీటరు అగును. చీము పట్టించు స్టాఫిలోకాకస్ గుండ్రనిది. అట్టివి 1,000 వరుసగా నిలిచినగాని మిల్లీమీటరు నిండదు. కడ్డీనుండి కడ్డీలే పుట్టును. గుండ్రని దానినుండి గుండ్రనివే పుట్టును. తరములు ఎన్ని గడచినను ఈ రూపు సామాన్యముగా తప్పదు.

ఇంత చిన్న జీవికి ఇంత నిలకడయైన రూపు ఎక్కడనుండి వచ్చినది? లోపలి పదార్థమందు చూచితిమా, అది మెత్తనిది. దానిని చుట్టియున్న పలుచని పొర క్రొవ్వు పదార్థముతో చేయబడి, నూనెపొరవలె సాగునట్టిది. తనంతట తాను కడ్డీ రూపును నిలుపుకొనజాలదు. రూపు నిలుపునది ఆ పొరకు వెలుపల నున్న గోడ. శాస్త్రగ్రంథములలో దీనిని కణకవచ మందురు. నేనును ఆ మాటనే వాడెదను.

ఈ కవచము ఇటుకల గోడ వంటిది కాదు, ఇది నేతపని. మన పెద్దలు మగ్గమును నమ్ముకొని ఈ షోలాపూరునకు వచ్చి స్థిరపడినవారు గనుక ఈ సంగతి మనకు సులభముగా బోధపడును. కవచములో పొడవైన పోగులు కలవు. రెండు విధములైన చక్కెర అణువులు ఒకటి విడిచి ఒకటి వరుసగా చేరగా ఒక్కొక్క పోగు ఏర్పడును. కడ్డీ ఆకారము గల బాక్టీరియాలో ఈ పోగులు చాలవరకు కడ్డీ చుట్టును, పీపాకు వేసిన పట్టీలవలె, అడ్డముగా పోవును. ప్రక్కప్రక్కనున్న పోగులను కలుపుటకు అమినో ఆమ్లములతో చేసిన పొట్టి తునుకలు కలవు. వస్త్రములో పడుగును పేకయు ఒకదానిపై నొకటి పోయి, ఆ ఒరపిడిచేతనే నిలుచును. ఇక్కడ అట్లు కాదు. పోగునకును పోగునకును ముడి వేయబడును. కావున దీనిని వస్త్రముతో కంటె వలతో పోల్చుట మేలు. ముడులే దీని బలము. 1964లో వైడల్, పెల్ట్సర్ అను శాస్త్రజ్ఞులు ఈ కవచ మంతయు సంచి ఆకారము గల ఒకే యొక మహా అణువని వివరించిరి. కణములోని తక్కిన పదార్థమునంతయు తొలగించినను, ఆ సంచి మాత్రము మునుపటి కడ్డీ రూపును తెలుపుచునే యుండును.

కవచపు మందము అన్ని బాక్టీరియాలకును ఒక్కటి కాదు. స్టాఫిలోకాకస్ వంటివానికి పలు పొరల దళసరి దుప్పటి వంటి కవచము కలదు. ఎషెరిషియా కోలై వంటివానికి కొన్ని నానోమీటర్ల మందము గల పలుచని వలయును, దానిపైన మరియొక క్రొవ్వుపొరయు కలవు. మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లు గలవన్నచో ఆ వల ఎంత పలుచనిదో ఊహింపవచ్చును. 1884లో డెన్మార్కు దేశీయుడైన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్షయందు దళసరి కవచము గలవి ఊదారంగును నిలుపుకొనును. పలుచని కవచము గలవి దానిని విడిచివేయును. నేటికిని ప్రయోగశాలలలో మొదట చేయు పరీక్షలలో ఇది యొకటి.

ఇంత ప్రయాసపడి ఈ వలను నేయవలసిన అగత్యమేమి? దీనికి సమాధానము వంటింటిలో దొరకును. ఎండుద్రాక్షను రాత్రి నీటిలో వేసినచో తెల్లవారునప్పటికి ఉబ్బును. లోపల చక్కెర చిక్కగా నున్నది గనుక నీరు తొక్కను దాటి లోనికి పోవును. దీనిని ద్రవాభిసరణ మందురు. సూక్ష్మజీవి లోపలకూడ లవణములును, ఇతర పదార్థములును చిక్కగా నున్నవి. చుట్టుప్రక్కల నీరు ఎల్లప్పుడును లోనికి చొరబడ జూచును. అందుచేత లోపల గొప్ప ఒత్తిడి యేర్పడును. ఎషెరిషియా కోలైలో ఇది 1 మొదలు 3 వాతావరణముల వరకు ఉండునని పలువురి లెక్క. స్కూటరు చక్రములోని గాలి ఒత్తిడి ఇంచుమించు ఇంతయే. దళసరి కవచము గల కొన్నిటియందు ఇది 20 వాతావరణముల వరకును పోవును. చక్రములో లోపలి ట్యూబును పగులకుండ పట్టియుంచునది పైటైరు. సూక్ష్మజీవిలోని సన్నపు పొరను పగులకుండ పట్టియుంచునది కవచము. రూపు నిలుపుట, ప్రాణము నిలుపుట అను రెండు పనులను ఆ వలయే చేయుచున్నది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. సూక్ష్మజీవి పెరుగవలెను, పెరిగి రెండుగా చీలవలెను. ఎషెరిషియా కోలై మంచి ఆహారము దొరికినచో 20 నిమిషములకు ఒకసారి రెండగును. లోపల గాలి నిండియుండగనే, గాలి తీయకుండ, టైరును పెద్దది చేయుట ఎట్లు? పాత ముడులను కొన్నిటిని విప్పవలెను. విప్పిన చోట క్రొత్త పోగును చొప్పించవలెను. వెంటనే దానిని ప్రక్కపోగులతో ముడివేయవలెను. దీనికై సూక్ష్మజీవియందు రెండు విధములైన పనివాండ్రు కలరు. వారిని ఎంజైము లందురు. ఒక జట్టు త్రెంచునది; రెండవ జట్టు ముడివేయునది. త్రెంచు జట్టు లేనిచో పెరుగుదల లేదు. ముడివేయు జట్టు లేనిచో ప్రాణము లేదు. ఈ రెండు జట్లును సరితూకముగా పనిచేయుటయే ఆ జీవి బ్రదుకు.

పని ఎక్కడ జరుగవలెనో చూపు మేస్త్రీలును కలరు. కడ్డీ జాతులలో ఎమ్.ఆర్.ఇ.బి. అను మాంసకృత్తు పొరకు లోపలిప్రక్క నుండి, కడ్డీ నడుము పొడుగునను క్రొత్త పోగులు చుట్టును పడునట్లు చూచును. దీని స్వభావమును 2001లో ఇంగ్లండులో ఎరింగ్టన్ అను శాస్త్రజ్ఞుని బృందము వెల్లడించినది. ఈ మేస్త్రీ పని చెడినచో కడ్డీ గుండ్రమగును. చీలవలసిన సమయమున వేరొక మాంసకృత్తు కణము నడుమ ఉంగరమువలె ఏర్పడి, అడ్డుగోడ కట్టవలసిన చోటు చూపును.

కవచము తీసివేసినచో నిజముగా రూపు పోవునా? దీనిని పరీక్షించుటకు ప్రకృతియే మనకు ఒక కత్తెర నిచ్చినది. మన కన్నీటిలోను, లాలాజలములోను, కోడిగ్రుడ్డు తెల్లసొనలోను లైసోజైము అను ఎంజైము కలదు. దీనిని గూర్చి 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రకటించెను. ఇది కవచములోని చక్కెర పోగులను త్రెంచును. కంటిలో పడిన సూక్ష్మజీవులలో పెక్కింటిని మనకు తెలియకయే ఇది రూపుమాపుచున్నది. 1953లో స్వీడన్ దేశీయుడైన క్లేస్ వైబుల్ ఒక కడ్డీ బాక్టీరియాను చిక్కని చక్కెర నీటిలో నుంచి, లైసోజైముతో దాని కవచమును కరగించెను. వెలుపల చక్కెర చిక్కగా నున్నందున నీరు లోనికి దూకలేదు, జీవి పగులలేదు. కాని కడ్డీ రూపు పోయినది. ప్రతి కడ్డీయు చక్కని గోళమైనది. సబ్బుబుడగ ఏల గుండ్రముగా నుండునో ఇదియు అందుకే గుండ్రమైనది. పట్టియుంచు చట్రము లేనప్పుడు సాగు పొర తన వైశాల్యమును వీలైనంత తగ్గించుకొనును. కడ్డీ రూపు లోపలి పదార్థమునది కాదు, కవచముదే యని ఇందువలన స్థిరపడినది.

ఇక పెనిసిలిన్ సంగతి. 1928 సెప్టెంబరులో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రియందు ఫ్లెమింగ్ పెంచుచున్న స్టాఫిలోకాకస్ పళ్లెములో ఒక బూజు పడి పెరిగినది. బూజునకు సమీపముననున్న సూక్ష్మజీవుల గుంపులు కరగినట్లు పారదర్శకమైనవి. ఆ బూజునుండి మందు తీయుటకు ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మొదలగువారు 1940 ప్రాంతమున పూనుకొనిరి. 1941 ఫిబ్రవరిలో ముఖమునుండి ఒడలెల్ల చీము వ్యాపించిన ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందు నిచ్చిరి. అతడు కోలుకొనసాగెను. అతని మూత్రమునుండి కూడ మందును మరల తీసి వాడిరి. ఐనను మందు చాలక, వ్యాధి తిరుగబెట్టి, మార్చి నెలలో అతడు మరణించెను. నాడు ఒక్క మనుష్యునికి చాలినంత మందు లోకములో లేదు. పదునాలుగేండ్లు తిరుగునప్పటికి, మన రాష్ట్రముననే పుణె చెంతనున్న పింప్రీలో, 1954లో స్థాపింపబడిన హిందూస్తాన్ యాంటీబయాటిక్స్ కర్మాగారము 1955లో పెనిసిలిన్ తయారుచేయ నారంభించెను.

ఈ మందు సూక్ష్మజీవిని ఎట్లు చంపుచున్నదో మొదట ఎవరికిని తెలియదు. ఆ జీవి రూపే మొదటి ఆనవాలు నిచ్చినది. 1940లో ఆక్స్‌ఫర్డునందు గార్డ్నర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు, చంపుటకు చాలనంత కొద్ది పెనిసిలిన్ కలిపిన ద్రవములో కడ్డీ బాక్టీరియాలను పెంచి సూక్ష్మదర్శినితో చూచెను. అవి చీలక, దారములవలె పొడవుగా సాగిపోయి యుండెను. 1942లో గ్లాడిస్ హాబీ అను అమెరికా శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును పెరుగుచున్న సూక్ష్మజీవులనే పెనిసిలిన్ చంపుననియు, పెరుగక ఊరకున్నవానిని చంపదనియు చూపిరి. 1946లో ఎడింబరోలో డుగిడ్ అను నతడు ఈ వికారరూపములను పరిశీలించి, పెనిసిలిన్ తక్కిన పెరుగుదలను ఆపక, బయటి కవచము ఏర్పడుటను మాత్రము చెరచుచున్నదని ఊహించెను. కవచపు రసాయన నిర్మాణము అప్పటికి తెలియదు. రూపు చూచి చేసిన ఆ ఊహయే నిజమని తరువాత తేలినది.

1957లో పార్క్, స్ట్రామింజర్ అనువారు, పెనిసిలిన్ తగిలిన స్టాఫిలోకాకస్‌లో కవచమునకు కావలసిన సామగ్రి వాడబడక కుప్పపడియున్నదని చూపిరి. 1965లో టిప్పర్, స్ట్రామింజర్ అనువారు కారణము సూచించిరి. ముడివేయవలసిన పొట్టి తునుక కొనయందు అలనిన్ అను అమినో ఆమ్లము జంటగా నుండును. ముడివేయు ఎంజైము ఆ జంటను పట్టుకొని, చివరిదానిని విడిచి, మిగిలినదానిని ప్రక్కపోగునకు తగిలించును. పెనిసిలిన్ అణువు ఆ జంటను పోలియుండును. ఎంజైము మోసపోయి దానిని పట్టుకొనును. పట్టుకొనినది విడువలేదు. బంక అంటిన చేతితో ముడివేయలేని పనివానివలె అది నిలిచిపోవును. త్రెంచు జట్టునకు మాత్రము ఏ ఆటంకమును లేదు. అది తన పని తాను చేయుచునే యుండును. 2014లో హార్వర్డు వైద్య కళాశాలలో బెర్న్‌హార్ట్ బృందము ఇంకొక సంగతి తెలిపినది. ముడి పడకున్నను ఎషెరిషియా కోలైలో క్రొత్త పోగులు వడకబడుచునే యుండును. వడకినవి వడకినట్లే త్రెంచబడును. ఫలము లేని ఆ చాకిరిలో కణపు సామగ్రి యంతయు వ్యర్థమగును.

అప్పుడు సూక్ష్మదర్శినిలో కనబడున దేమి? కడ్డీ మొదట కొంత పొడవగును. పిమ్మట నడుమ, అడ్డుగోడ కట్టవలసిన చోటనే తరచుగా, కవచము బలహీనపడి చిల్లి యేర్పడును. లోపలి పొర ఆ చిల్లిలోనుండి బుడగవలె వెలుపలికి ఉబికి వచ్చును. టైరు చినిగిన చోట ట్యూబు పొంగినట్లు చెప్పవచ్చును. ఆ బుడగ పెరిగి పెరిగి పగులును. లోపలిది బయటపడును, మిగులునది ఖాళీ నీడ. మందు దానిని పొడిచి చంపలేదు. తన ఒత్తిడియే తన్ను చీల్చినది.

పెనిసిలిన్ కుటుంబములోని అన్ని మందులును ఒకే రూపు కల్పింపవు. ముడివేయు పనివాండ్రు ఒక్కరు కారు, పలువురు. 1975లో బ్రయన్ స్ప్రాట్ అను శాస్త్రజ్ఞుడు ఎషెరిషియా కోలైయందు వీరిని వేరుపరచి చూపెను. అడ్డుగోడ కట్టువాని చేయి పట్టినచో కడ్డీ చీలలేక దారమువలె సాగును. సెఫలెక్సిన్ చేయున దిదియే. నడుము పొడిగించువాని చేయి పట్టినచో కడ్డీ గుండ్రమగును. మెసిల్లినామ్ అను మందు చేయున దిదియే. ప్రధాన నేతగాండ్ర చేతులు పట్టినచో త్వరగా పగులును. గార్డ్నర్ చూచిన దారములకు అర్థ మిప్పుడు తెలియుచున్నది. మందు కొద్దిగా నున్నప్పుడు అడ్డుగోడ కట్టువాడే మొదట చిక్కెను. బట్ట చూచి ఏ పోగు తప్పినదో చెప్పగల నేతగానివలె, చెడిన రూపు చూచి ఏ పనివాడు ఆగెనో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుచున్నారు.

రూపు మారిన ప్రతి జీవియు చచ్చుట లేదు. ఇది మనము మరువరాని సంగతి. 1956లో అమెరికాలో జాషువా లెడర్‌బర్గ్ చిక్కని చక్కెరయు, కొంత మెగ్నీషియమును కలిపిన ద్రవములో ఎషెరిషియా కోలైకి పెనిసిలిన్ తగిలించెను. కడ్డీలు గోళములైనవి గాని పగులలేదు. పెనిసిలిన్ తొలగించినంతనే ఆ గోళములు మరల కవచమును నేసికొని, కొంత కాలమునకు కడ్డీలైనవి. అంతకు ముందే, 1935లో, లండను లిస్టర్ సంస్థయందు ఎమీ క్లీనెబెర్గర్ అను విదుషీమణి కవచము లేక బ్రదుకు బాక్టీరియా రూపములను వర్ణించి, ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరమునుబట్టి వానికి ఎల్ రూపములని పేరు పెట్టియుండెను. 2019లో ఇంగ్లండునందు, మూత్రవ్యాధి పదే పదే తిరుగబెట్టు వృద్ధుల మూత్రములో ఇట్టి కవచము లేని రూపములను కనుగొనిరి. మూత్రము చిక్కనిది గనుక కవచము లేని జీవి అందులో పగులకుండ నిలువగలదు. కవచము లేనిదానిని పెనిసిలిన్ ఏమియు చేయజాలదు. మందు వెడలిపోయిన పిమ్మట అది మరల కవచము తొడుగుకొనవచ్చును. వ్యాధి తిరుగబెట్టుటకు ఇదియు ఒక కారణము కావచ్చునని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇంతవరకు చెప్పినదానినుండి మన యింటికి వచ్చు సంగతులు నాలుగు కలవు.

మొదటిది వేళ. ఈ మందు పనిచేయునది సూక్ష్మజీవి నేయుచున్నంతసేపు, ఒంటిలో మందు చాలినంత ఉన్నంతసేపు మాత్రమే. అమాక్సిసిలిన్ వంటి మందును శరీరము కొన్ని గంటలలోనే మూత్రము ద్వారా పంపివేయును. మందు తగ్గగానే మిగిలిన సూక్ష్మజీవి క్రొత్త పనివాండ్రను తయారుచేసికొని మరల ముడులు వేయసాగును. వైద్యుడు 8 గంటలకొకసారి అని వ్రాసినచో, ఆ 8 గంటలకు అర్థ మిదియే. ఉదయము, మధ్యాహ్నము మరచి రాత్రికి మూడు మాత్రలు కలిపి యిచ్చినందువలన ఆ మధ్యకాలము తిరిగి రాదు. అట్లే ఎన్ని దినము లనునదియు వైద్యుడే నిర్ణయింపవలెను. రోగమునుబట్టి అది కొద్ది దినములు కావచ్చును, ఎక్కువ కావచ్చును. జ్వరము తగ్గెనని మనము ఆపరాదు. మంచిదని మనము పొడిగింపనురాదు.

రెండవది, కవచము లేనిదానికి ఈ మందు లేదు. జలుబు, ఇన్‌ఫ్లుయెంజా మొదలగునవి వైరస్సులవలన వచ్చును. వైరస్సునకు ఇట్టి కవచమే లేదు. నేతయే లేనిచోట నేతగాని చేయి పట్టుట ఎట్లు? ఊపిరితిత్తులకు జబ్బు కలిగించు మైకోప్లాస్మా అను బాక్టీరియాకును పుట్టుకతోనే కవచము లేదు. వైద్యుడు దానికి వేరు మందు వ్రాయును. మన శరీర కణములకును కవచము లేదు. అందుచేతనే పెనిసిలిన్ మనలను విడిచి శత్రువును మాత్రము పట్టగలుగుచున్నది. కాని కొందరి ఒంటికి పెనిసిలిన్ పడదు. దద్దుర్లు లేచుట, ముఖము వాచుట, ఊపిరాడకపోవుట జరిగినచో వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. ఆ సంగతిని పిమ్మట ప్రతి వైద్యునికిని చెప్పవలెను.

మూడవది, రెండు మందులు ఎల్లప్పుడును ఒకదానికంటె మేలు కాదు. భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధిపతిగా నుండగా, అక్కడ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడి యయ్యెను. అది కవచము జోలికి పోదు. సూక్ష్మజీవి మాంసకృత్తులను తయారుచేయుటను ఆపి, దాని పెరుగుదలను నిలిపివేయును. గొప్ప మందే. కాని 1951లో లెప్పర్, డౌలింగ్ అను అమెరికా వైద్యులు ఒక వింత సంగతి ప్రకటించిరి. మెదడు పొరల వాపునకు పెనిసిలిన్ ఒక్కటే యిచ్చిన రోగులకంటె, పెనిసిలిన్‌తో ఆరియోమైసిన్ కూడ చేర్చి యిచ్చిన రోగులలో ఎక్కువమంది మరణించిరి. పెరుగుచున్నదానినే పెనిసిలిన్ చంపునని హాబీ చూపిన సంగతి జ్ఞాపకము చేసికొనినచో కారణము ఊహింపవచ్చును. ఒక మందు పెరుగుదలను ఆపినది. పెరుగనిదానిని రెండవ మందు చంపలేకపోయినది. వైద్యుడు తెలిసి కలుపు మందులు వేరు. దుకాణములో అడిగి మనము కలుపుకొను మందులు వేరు.

నాలుగవది, సూక్ష్మజీవియు నేర్చును. కొన్ని బాక్టీరియాలు పెనిసిలిన్‌ను విరుగగొట్టు ఎంజైమును తయారుచేయునని ఏబ్రహాం, చెయిన్ అనువారు 1940లోనే కనుగొనిరి. దానికి లొంగని మెథిసిలిన్ అను మందు వాడుకలోనికి వచ్చిన కొలది కాలమునకే, 1961లో, దానికిని లొంగని స్టాఫిలోకాకస్ ఇంగ్లండులో బయటపడెను. అది చేసిన ఉపాయము చిత్రమైనది. పెనిసిలిన్ జాతి మందులు పట్టుకొనజాలని క్రొత్త నేతగానిని అది సంపాదించుకొనినది. పాత నేతగాండ్రందరు చేతులు కట్టుబడి కూర్చున్నను, ఈ క్రొత్తవాడు నేయుచునే యుండును. మందు అనవసరముగా తగిలిన ప్రతిసారియు లొంగునవి చచ్చి, లొంగనివి మిగిలి వృద్ధిపొందును. మన బిడ్డ ప్రేవులలో మిగిలినవి పొరుగు బిడ్డకును సంక్రమింపవచ్చును. కావున ఇది ఒక్క యింటి వ్యవహారము కాదు.

ఈ కారణముచేతనే మన ప్రభుత్వము 2013లో పెక్కు యాంటీబయాటిక్కులను హెచ్-1 అను ప్రత్యేక పట్టికలో చేర్చినది. మాత్రల అట్టమీద నిలువుగా ఎఱ్ఱగీత కనబడినచో, వైద్యుని చీటీ లేక దానిని కొనరాదని గుర్తు. దానిని గూర్చి 2016 నుండి ప్రచారము చేసిరి. ఈ గీతను మన పిల్లలకు చూపుడు. వారు చూచి పెద్దలకు గుర్తుచేయుదురు. మాత్రలు మిగిలినచో అలమారలో దాచి, మరల ఎవరికైన దగ్గు వచ్చినప్పుడు తీయకుడు. సూది వేయలేదని, గట్టి మందు వ్రాయలేదని వైద్యుని తొందరపెట్టకుడు. అవసరము లేదని మందు వ్రాయని వైద్యుడు మీ బిడ్డకు మేలే చేసినాడు.

బిడ్డకు జబ్బు చేసినప్పుడు వైద్యుని మూడు ప్రశ్న లడుగుట తల్లిదండ్రుల కర్తవ్యము. ఇది బాక్టీరియావలన వచ్చినదా, వైరస్సువలన వచ్చినదా? మందు ఎన్ని గంటల కొకసారి ఇయ్యవలెను? ఎన్ని దినములు ఇయ్యవలెను? ఈ మూడింటికిని సమాధానములు చీటీమీదనే వ్రాయించుకొని, గోడమీద గడియారము క్రింద అంటింపుడు. మందు తెచ్చుటకు డబ్బు వెచ్చించితిమి. దానిని వేళకు ఇచ్చుటకు వెచ్చింపవలసినది శ్రద్ధ మాత్రమే.